1939 నాటి ఆటగాడి కోసం ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటారేంటి? అయోవా సిటీలో పాతకాపులెవరైనా ఉంటే చెప్పండి

కొత్తగా దిగినోడు:

అందరికీ నమస్కారం. మేం అయోవా సిటీకి వచ్చి నాలుగు నెలలైంది. ఇక్కడి ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది సున్నా. పేరుకే ఫుట్‌బాల్, కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ, నా జ్ఞానం అంతవరకే. పోయిన శనివారం జరిగిన విషయం ఒకటి మూడు రోజులుగా బుర్రలో తిరుగుతోంది, అందుకే అడుగుతున్నాను.

ఆఫీసులో నా పక్క సీటాయనకు అరవై దాటాయి. వాళ్ళావిడకు జ్వరం వచ్చి టికెట్ మిగిలిపోతే నన్ను రమ్మన్నాడు. వెళ్ళాను. కిన్నిక్ స్టేడియం, ఇక్కడి అయోవా యూనివర్సిటీది. 69 వేల పైచిలుకు సీట్లు. ఊరి జనాభానే సుమారు 75 వేలు! ఊళ్ళో దొంగలు పడినా అడిగే దిక్కు ఉండదు ఆ పూట.

గేటు ముందు పెద్ద కంచు విగ్రహం. ఆటగాడి విగ్రహమని చెప్పారు కానీ ఒంటి మీద ఆట బట్టలు లేవు. చేతిలో పుస్తకాలు, క్లాసుకు వెళ్ళే కుర్రాడిలా నిలబడి ఉన్నాడు. హెల్మెట్ మాత్రం కాళ్ళ దగ్గర ఉంది. జట్టు లోపలికి వెళ్తూ ఒక్కొక్కరూ ఆ హెల్మెట్‌ను చేత్తో తాకి వెళ్ళారు. మన గుళ్ళో గడప తాకినట్టే. సరే, ఎవరి సెంటిమెంట్ వాళ్ళది అనుకున్నాను.

అసలు సంగతి లోపల జరిగింది. ఆట మొదలవడానికి ముందు పెద్ద తెర మీద నలుపు తెలుపు బొమ్మలు వచ్చాయి, ఎవరిదో పాత గొంతు గరగరమంటూ మాట్లాడుతోంది. అప్పటిదాకా కేకలు పెట్టిన జనం గప్‌చుప్. నేను ఫోన్ చూసుకుంటూ, "ఇదేంటి, యాడ్ ఆ?" అని కాస్త గట్టిగానే అడిగేశాను. ముందు వరసలో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. తిట్టలేదు, చూసింది అంతే. మా కొలీగ్ నా మోకాలి మీద చెయ్యి వేసి "ఒక్క నిమిషం" అన్నాడు. తలతిప్పి చూస్తే ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఇంటికొచ్చాక వెతికాను. నైల్ కిన్నిక్. 1939లో హైస్మన్ ట్రోఫీ, అంటే దేశం మొత్తం మీద ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాడు. పేరు మోగింది ఒక్క సీజన్‌లో. 8 మ్యాచ్‌లు. ఆ ఏడాది బిగ్ టెన్ (వీళ్ళ జట్టు ఆడే యూనివర్సిటీల లీగ్) టైటిల్ కూడా ఒహాయో స్టేట్ పట్టుకుపోయింది. మా కొలీగ్ పుట్టే సరికే ఆయన పోయి ఇరవై ఏళ్ళు.

నేనూ క్రికెట్ పిచ్చోణ్ణే. అభిమానం తెలియనివాణ్ణి కాదు. కానీ కళ్ళారా చూసినవాడి మీద అభిమానం వేరు. తాము చూడని, తండ్రులు కూడా చూశారో లేదో తెలియని మనిషి కోసం ఇంతమంది ఒక్కసారిగా నోరు మూసుకోవడం నాకు అంతుపట్టలేదు. ఎవరైనా చెబుతారా? మళ్ళీ పిలిచాడండీ, వచ్చే నెల. ఈసారి నోరు జారకూడదని టెన్షన్.

---

మెల్‌రోజ్ పెరడు:

తమ్ముడూ, నీ పోస్ట్ చదివి నవ్వొచ్చింది. ఎందుకంటే 1998లో నేనూ అదే పని చేశాను, కాకపోతే నేను అడిగింది మా ఇంటి ఓనర్‌ని.

ఎం.ఎస్.కి వచ్చిన కొత్తలో స్టేడియం పక్కనే, మెల్‌రోజ్ అవెన్యూకి దగ్గరగా, ఒక ముసలాయన ఇంట్లో బేస్‌మెంట్ అద్దెకి తీసుకున్నాను. ఆట ఉన్న శనివారాల్లో ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా తమ పెరళ్ళలో కార్లు పెట్టించి డబ్బు తీసుకుంటారు, ఇప్పటికీ అంతే. మా ఓనర్ ఎర్ర గుడ్డ ఒకటి నా చేతికిచ్చి గేటు దగ్గర నిలబెట్టేవాడు. తెల్లారి ఆరింటి నుంచి చెయ్యి ఊపడమే నా పని. అందుకు బదులు అద్దెలో కొంత తగ్గించేవాడు. పెరట్లో పద్దెనిమిది కార్లు పట్టేవి, యాపిల్ చెట్టు కింద పెడితే పంతొమ్మిది. ఆ పంతొమ్మిదో కారు గురించి ఆయనకీ నాకూ ప్రతి వారం గొడవ.

ఒకరోజు నీలాగే అడిగాను, "ఎవరండీ ఈ కిన్నిక్, డబ్బిచ్చి పేరు పెట్టించుకున్నాడా?" అని. ఆయన ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి పాత బంతి పట్టుకొచ్చాడు. పెరట్లో నిలబడి రెండు చేతులతో బంతి ముక్కు కిందికి ఉండేలా పట్టుకున్నాడు. వదిలాడు. అది నేలకు తగిలి లేచే క్షణంలో తన్నాడు. 68 ఏళ్ళ మనిషి! బంతి పక్కింటి కంచె మీద పడింది. "మూడోవంతు సెకను అటూ ఇటూ అయితే అది నీ మొహానికి తగులుతుంది. దీన్ని డ్రాప్ కిక్ అంటారు. ఇప్పుడెవరూ తన్నరు. నోటర్ డేమ్‌ని ఓడించింది ఇదే" అన్నాడు. తర్వాత పక్కింటివాళ్ళ కుక్క ఆ బంతిని ఇవ్వలేదు, అది వేరే కథ.

ఇప్పుడు ఆ నోటర్ డేమ్ యూనివర్సిటీ జట్టు సంగతి. అంతకు ముందు ఏం జరిగిందో తెలిస్తేనే దాని బరువు తెలుస్తుంది. 1929లో ఈ స్టేడియం కట్టారు. సరిగ్గా అదే ఏడు ఆటగాళ్ళకు చాటుమాటుగా డబ్బులు ఇచ్చారన్న గొడవలో అయోవాని బిగ్ టెన్ నుంచి కొన్నాళ్ళు పక్కన పెట్టారు. స్టేడియం తెరిచిన నెలలోనే వాల్ స్ట్రీట్ కుప్పకూలింది. అప్పు మీద కట్టిన స్టేడియం, చూడటానికి జనం లేరు, మక్కజొన్న ధర పడిపోయి రైతుల పొలాలు బ్యాంకుల పాలవుతున్నాయి. జట్టేమో ఏటా తన్నులు తినడమే. 1938లో 8 ఆటల్లో గెలిచింది ఒక్కటి, ఒకటి డ్రా, మిగతా ఆరూ ఓటమే.

1939లో ఎడ్డీ ఆండర్సన్ అనే కొత్త కోచ్ వచ్చాడు. పనికొచ్చే ఆటగాళ్ళు కొద్దిమందే ఉన్నారు. అప్పట్లో దాడికి ఒక జట్టు, కాపుకి ఒక జట్టు అని ఉండేది కాదు, అటూ ఇటూ ఆ పదకొండు మందే. బయటికి వెళ్తే ఆ క్వార్టర్‌లో మళ్ళీ లోపలికి రానివ్వరు కూడా. అందుకని కొందరు 60 నిమిషాలూ మైదానం దిగేవాళ్ళు కాదు. ఐరన్‌మెన్ అనే పేరు అలా వచ్చింది. కిన్నిక్ పరిగెత్తేవాడు, బంతి విసిరేవాడు, తన్నేవాడు, అవతలివాళ్ళు విసిరితే మధ్యలో పట్టేసుకునేవాడు. మనిషి చూస్తే పొట్టివాడు, పెద్ద వేగమూ కాదు. ఎడతెరిపి లేకుండా 402 నిమిషాలు ఆడాడు, చివరి ఆటలో భుజం దెబ్బతిని బయటికి రావలసి వచ్చేదాకా. ఆ ఏడాది జట్టు చేసిన 130 పాయింట్లలో 107 ఆయన చేతి మీదుగానో కాలి మీదుగానో వచ్చినవే.

నవంబర్ 11న నోటర్ డేమ్ వచ్చింది, అప్పటికి ఒక్క ఓటమి లేని జట్టు. కిన్నిక్ బంతితో గీత దాటాడు (దాన్నే టచ్‌డౌన్ అంటారు, ఆరు పాయింట్లు), పైన ఇంకో పాయింటు కోసం ఆ డ్రాప్ కిక్ కొట్టాడు. 7. వాళ్ళు ఆరు చేశారు, ఏడోది పోయింది. చివర్లో బంతి వాళ్ళ చేతికి వెళ్ళక తప్పని పరిస్థితి వస్తే ఆయన 63 గజాల పంట్ (చేతిలోంచి వదిలిన బంతిని నేలకు తగలకముందే దూరంగా తన్నడం) కొట్టాడు. అది వాళ్ళ గోల్ గీతకు 6 గజాల దూరంలో మైదానం దాటింది. అక్కడి నుంచి మొత్తం మైదానం ఈడ్చుకురావాలి. అయిపోయింది. మా ఓనర్ ఈ పంట్ గురించి చెప్పినప్పుడు టచ్‌డౌన్ కంటే ఎక్కువ ఒగర్చేవాడు. వారం తిరక్కుండా మిన్నెసొటా మీద నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి 9-0తో వెనకబడి, ఆయన విసిరిన రెండు టచ్‌డౌన్ బంతులతో 13-9 గెలుపు.

మా ఓనర్‌కి అప్పుడు తొమ్మిదేళ్ళు. స్టేడియం మొహం చూడలేదు. పొలంలో రేడియో. బ్యాటరీ అయిపోతుందని వాళ్ళ నాన్న మామూలు రోజుల్లో వార్తలకి తప్ప పెట్టనిచ్చేవాడు కాదట, ఆ రెండు శనివారాలు మాత్రం ఆట అయ్యేదాకా పాలు పితకడానికి కూడా ఎవరూ లేవలేదట. "ఆవులు అరిచాయి. అరవనీ అన్నాడు మా నాన్న" అని చెప్పేవాడు.

నువ్వు విన్న ఆ పాత గొంతు న్యూయార్క్‌లో హైస్మన్ అందుకుంటూ ఇచ్చిన ఉపన్యాసంలోది. 1939 డిసెంబర్. యూరప్‌లో యుద్ధం మొదలై మూడు నెలలు. 21 ఏళ్ళ కుర్రాడు కోచ్‌కీ తోటివాళ్ళకీ థాంక్స్ చెప్పి, యూరప్ యుద్ధభూముల్లో కాకుండా మన మిడ్‌వెస్ట్ మైదానాల్లో పోరాడుతున్నందుకు దేవుడికి దండం అన్నాడు. ఈ దేశపు ఆటగాళ్ళు ఫ్రెంచ్ యుద్ధ పతకం కోసం కంటే ఈ ట్రోఫీ కోసం కొట్లాడటానికే ఇష్టపడతారని కూడా అన్నాడు. అది విన్నప్పుడు నీ పక్కవాళ్ళకు తెలిసిన విషయం, నీకు తెలియని విషయం ఒకటుంది. మూడున్నరేళ్ళకి ఆయన నేవీ పైలట్. 1943 జూన్ 2న లెక్సింగ్టన్ అనే విమాన వాహక నౌక మీద నుంచి ట్రైనింగ్‌కి ఎగిరాడు, వెనిజులా తీరం దగ్గర. ఇంజిన్ ఆయిల్ కారిపోయింది. నౌక డెక్ మీద ఎగరడానికి సిద్ధంగా విమానాలు బారులు తీరి ఉన్నాయి. అక్కడ దిగితే వాళ్ళకి ప్రమాదం. నీళ్ళ మీద దించాడు. 8 నిమిషాల్లో పడవ వెళ్ళింది. నీళ్ళ మీద నూనె తెట్టు తప్ప ఏమీ లేదు. శవం దొరకలేదు. 24 ఏళ్ళు. ఆయన జెర్సీ నంబరూ 24.

ఆ వార్త వచ్చిన రోజు ఏం చేశారని మా ఓనర్‌ని అడిగాను. "మా నాన్న రేడియో కట్టేసి కొట్టంలోకి వెళ్ళాడు. భోజనానికి రాలేదు" అన్నాడు. అంతే. ఆ పైన పంతొమ్మిదో కారు సంగతికి వచ్చేశాం.

---

అంకెలే మాట్లాడతాయి:

మెల్‌రోజ్ గారు బాగా రాశారు, కాదనను. కానీ ఒక చేదు మాట. ఆయన బతికి ఉంటే ఇదంతా ఉండేదా?

అదే 1939లో మిషిగన్ అయోవాని 27-7తో చిత్తు చేసింది. ఆ 27 పాయింట్లూ ఒక్కడే చేశాడు, టామ్ హార్మన్. మరుసటి ఏడు హైస్మన్ ఆయనకే. ఆయనా పైలటే. 1943లో ఒకసారి దక్షిణ అమెరికా అడవిలో విమానం కూలి బయటపడ్డాడు, మళ్ళీ చైనా మీద కూల్చేస్తే పారాచూట్‌తో దిగి బతికాడు. ఆ పారాచూట్ పట్టుతోనే పెళ్ళికూతురి గౌను కుట్టించారు. సినిమా కథకి తక్కువేం కాదు. తర్వాత ఎన్నో ఏళ్ళు టీవీలో కామెంటరీ చెప్పాడు, ముసలివాడయ్యాడు. మిషిగన్‌వాళ్ళు గౌరవిస్తారు, ఆయన 98 నంబర్‌కి గౌరవం దక్కింది. కానీ స్టేడియంకి ఆయన పేరు లేదు, ఆయన గొంతు వినిపిస్తే లక్ష మంది నోరు మూసుకోరు.

కాబట్టి ఇందులో సగం ఆట, సగం అకాల మరణం. దానికి తోడు యూనివర్సిటీలకు పాత జ్ఞాపకం అమ్ముకోవడం బాగా తెలుసు. విగ్రహం పెట్టింది 2006లో, స్టేడియం రిపేర్లు చేయించి ఖరీదైన బాక్స్ సీట్లు కట్టినప్పుడు. ఊరికే పెట్టరు.

---

ఏమ్స్ కోడలు:

నేను శత్రు శిబిరం నుంచి రాస్తున్నాను. మా అత్తగారి కుటుంబం మొత్తం ఏమ్స్‌లోని అయోవా స్టేట్ యూనివర్సిటీ జట్టు వైపు, అంటే సైక్లోన్స్. హాకైస్, అంటే మీ అయోవా సిటీ జట్టు, గెలిస్తే మా ఇంట్లో రాత్రి వంట ఉండదు. అయినా ఈ విషయంలో నోరు విప్పక తప్పట్లేదు.

అంకెల గారూ, అకాల మరణమే కారణమైతే మా ఊరి సంగతి వినండి. ఈ రాష్ట్రంలో రెండు పెద్ద కాలేజీ స్టేడియాలు. రెండింటి పేర్లూ కోచ్‌లవీ కావు, డబ్బిచ్చినవాళ్ళవీ కావు. రెండూ చిన్న వయసులో పోయిన ఆటగాళ్ళవే. మాది జాక్ ట్రైస్. మా కాలేజీ తరఫున ఆడిన మొదటి నల్లజాతి కుర్రాడు. 1923 అక్టోబర్ 6న మిన్నెసొటా మీద ఆటలో భుజం ఎముక విరిగినా బయటికి రాలేదు, తర్వాత కింద పడితే తొక్కేశారు. 8న చనిపోయాడు. ఆటకు ముందురోజు రాత్రి హోటల్ కాగితం మీద తనకి తాను రాసుకున్న ఉత్తరం కోటు జేబులో దొరికింది. నా జాతి పరువు, నా ఇంటి పరువు, నా పరువు దీని మీద ఉన్నాయి, అందరూ నేను పెద్దగా ఏదో చేస్తానని చూస్తున్నారు, చేస్తాను, అని.

ఆయన ఆడిన పెద్ద ఆట అదొక్కటే. చనిపోయిన వెంటనే అందరూ గుర్తుంచుకున్నారా అంటే లేదు. దశాబ్దాలు ఎవరికీ పట్టలేదు. 1970ల్లో విద్యార్థులు కదిలి స్టేడియంకి ఆ పేరు పెట్టమని అడగడం మొదలెట్టారు. ఇస్తే కదా! 1984లో స్టేడియం పేరు వేరేది ఉంచి లోపల గడ్డికి మాత్రం ఆయన పేరు పెట్టారు. మొత్తానికి పెట్టింది 1997లో. మా మావగారు ఆ సంతకాల సేకరణలో తిరిగినవాడే, ఆ సంగతి కదిపితే ఇప్పటికీ రెండు గంటలు పోతాయి.

అంటే చచ్చిపోతే చాలు గుర్తుపెట్టుకుంటారు అన్నది నిజం కాదండీ. ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలి, విసుగు లేకుండా.

హాకైస్‌కి ఒక చురక కూడా వేసి పోతాను. మీకు డ్యూక్ స్లేటర్ ఉండేవాడు. 1918 నుంచి 1921 దాకా హెల్మెట్ లేకుండా ఆడిన మనిషి, 1921లో నోటర్ డేమ్ వరుస గెలుపులకు అడ్డుకట్ట వేసిన జట్టులో మూలస్తంభం, తర్వాత చికాగోలో జడ్జి. నల్లజాతివాడు. మీ స్టేడియం లోపలి మైదానానికి ఆయన పేరు పెట్టడానికి 2021 దాకా పట్టింది.

---

మెల్‌రోజ్ పెరడు:

కోడలు గారూ, చురక తీసుకున్నాను. స్లేటర్ విషయంలో ఆలస్యం మాదే.

అంకెల గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే, దాటవేయను. బతికి ఉంటే స్టేడియం పేరు ఉండేది కాదేమో. కానీ పేరు పెట్టిన ఏడు చూడండి, 1972. ఆయన పోయిన 29 ఏళ్ళకి. మధ్యలో ఏం జరిగిందంటే, యుద్ధం అయిపోగానే పేరు మార్చుదామన్న మాట వచ్చింది. వద్దన్నది వాళ్ళ నాన్న. ఎంతమంది పిల్లలు పోయారు, నా ఒక్కడి కొడుకు పేరు ఎందుకు అన్నాడట. అప్పటికి ఆయన పోగొట్టుకున్నది ఒక కొడుకుని కాదు, ఇద్దరిని. రెండోవాడు బెన్, అతనూ పైలటే, 1944లో పోయాడు. జ్ఞాపకం అమ్ముకునే యూనివర్సిటీ ఉందేమో గానీ అమ్మనివ్వని తండ్రి కూడా ఉన్నాడు. సీడర్ రాపిడ్స్ పేపర్లో స్పోర్ట్స్ రాసే గస్ ష్రేడర్ పట్టువదలకుండా రాసి రాసి, చివరికి తండ్రి కూడా సరేనన్నాక పెట్టారు.

ఇంకో మాట. ఆటొక్కటే అయితే నేనూ ఇంత రాసేవాణ్ణి కాదు. ఆయన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆఫర్ కాదనుకుని లా కాలేజీలో చేరాడు. చదువులో మేటి విద్యార్థుల్ని మాత్రమే చేర్చుకునే ఫై బీటా కప్పా సంఘంలో సభ్యుడు, సీనియర్ క్లాస్ ప్రెసిడెంట్. తాతగారు రాష్ట్ర గవర్నర్‌గా చేసినాయన, వీడూ ఒకరోజు గవర్నర్ అవుతాడని జనం అనుకునేవాళ్ళు. ఆయన డైరీ, ఉత్తరాలు మిగిలాయి. దక్షిణాది రాష్ట్రాల్లో ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు నల్లవాళ్ళ బతుకు చూసి, మనుషుల మధ్య ఉన్న అన్యాయాల్లో ఇది మహా ఘోరమైంది, ఏం చేయాలో నాకు తోచట్లేదు అన్న అర్థంలో రాసుకున్నాడు. 1940ల్లో, పాతికేళ్ళు నిండని తెల్ల కుర్రాడు, ఎవరూ అడగకుండా. నాకు ఆ "తోచట్లేదు" అన్న మాటే నచ్చుతుంది. గవర్నర్ మనవడిలా మాట్లాడలేదు.

అందుకే ఆ విగ్రహానికి ఆట బట్టలు వేయకపోవడం సరైన పనే. బాక్స్ సీట్ల ఏడాదిలో పెట్టినా సరే.

అన్నట్టు, బిగ్ టెన్ ఆటల్లో టాస్ వేసే నాణెం మీద ఉండేది ఈయన మొహమే. మిషిగన్‌వాళ్ళు కూడా హార్మన్‌ది కాదు, మా వాడి బొమ్మే ఎగరేస్తారు. అంకెల గారికి నా తరఫున చిన్న వాయనం.

---

రాత్రి డ్యూటీ:

నేను స్టేడియం పక్కనున్న పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తాను. మీరందరూ 1939 గురించి మాట్లాడుతున్నారు, మా పిల్లలకు కిన్నిక్ అంటే మనిషి కాదు, కిటికీలోంచి కనిపించే స్థలం. మొదటి క్వార్టర్ అయిపోగానే స్టేడియంలో ఉన్నవాళ్ళంతా, అవతలి జట్టువాళ్ళు కూడా, ఇటు తిరిగి మా కిటికీల వైపు చెయ్యి ఊపుతారు. 2017 నుంచి జరుగుతోంది. పై అంతస్తులో పిల్లలు, అమ్మానాన్నలు అద్దానికి అతుక్కుపోతారు. సెలైన్ స్టాండ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు. కొత్త నర్సులకి మేం ముందే చెబుతాం, ఆ ఐదు నిమిషాలు ట్యూబులు చూసుకోండి, కింద జనాన్ని తర్వాత చూద్దురుగాని అని.

మొన్న మీరు చెయ్యి ఊపారా కొత్తగా దిగినోడు గారూ?

---

కొత్తగా దిగినోడు:

ఊపానండీ. ఎందుకో తెలియకుండానే, అందరూ తిరిగారని తిరిగాను.

అందరికీ థాంక్స్. నిన్న లంచ్‌లో మా కొలీగ్‌తో డ్రాప్ కిక్ గురించి మాట్లాడాను. ఆయన ఫోర్క్ పక్కన పెట్టేశాడు. "నీకెవరు చెప్పారు?" అన్నాడు. మా భాషలో ఒక చోట అడిగానని చెప్పాను. ఎన్ని సమాధానాలు వచ్చాయి, ఏం రాశారు, అన్నీ ఇంగ్లీషులో చెప్పమన్నాడు. పాలు పితకని ఆవుల దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, వాళ్ళ నాన్నది కూడా అడెల్ దగ్గరే, కిన్నిక్ పుట్టిన ఊరు. ఆయన కిన్నిక్‌ని ఎప్పుడూ చూడలేదట. కానీ పోయేముందు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంకేం గుర్తులేని స్థితిలో నోటర్ డేమ్ స్కోరు అడిగితే టక్కున చెప్పేవాడట. ఏడు, ఆరు. కొడుకు పేరు మర్చిపోయాడు. "నా పేరు అడగడం మానేసి స్కోరే అడిగేవాణ్ణి. కనీసం దానికైనా జవాబొచ్చేది" అన్నాడు.

నేను అడిగిన ప్రశ్నకి ఇదే సమాధానమో కాదో నాకు తెలియదు గానీ, ఆ రోజు యాడ్ ఆ అని అడిగినందుకు సారీ చెప్పాను. ఆయన నవ్వి, ముందు వరసలో పెద్దావిడకి చెప్పాలి, ఆవిడ సీజన్ టికెట్ మనిషి, మళ్ళీ అక్కడే ఉంటుంది అన్నాడు.

వచ్చే నెల ఆటకి మా పాపని కూడా తీసుకెళ్దామనుకుంటున్నాను, మూడో తరగతి. విగ్రహం ఫొటో చూపిస్తే దాని మొదటి ప్రశ్న, "నాన్నా, ఆట రోజు పుస్తకాలెందుకు తెచ్చాడు?" అని. మెల్‌రోజ్ గారూ, ఆ వీధిలో పెరట్లో పార్కింగ్ కావాలంటే ఎన్నింటికి రావాలి? పంతొమ్మిదో కారైనా పర్లేదు.

---

మెల్‌రోజ్ పెరడు:

ఆరున్నరలోపు వచ్చెయ్యి. యాపిల్ చెట్టు ఇప్పుడు లేదు తమ్ముడూ, ఆ ఇంటి ఓనరూ లేడు. కొత్తవాళ్ళు ఇరవై రెండు పట్టిస్తున్నారు.

---

ఏమ్స్ కోడలు:

పాపని ఒకసారి మా వైపు కూడా తీసుకురండి. ట్రైస్ విగ్రహం చూపిస్తాను, ఉత్తరం చదివి వినిపిస్తాను, టికెట్ కూడా నాదే. నల్ల చొక్కా మాత్రం వేసుకుని రావద్దు, అది హాకైస్ రంగు, మా మావగారు లోపలికి రానివ్వరు.